తలుపు చాటు మాట

"ఇంటి గుట్టు లంకకు చేటు" అనేది మా అమ్మీ. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా సామెత మాత్రం తెలుగులోనే వచ్చేది. విశాఖ పాతపట్నంలో పుట్టి పెరిగిన మనిషి మరి. కష్టమొస్తే గురువారంనాడు కొండెక్కి ఇషాక్ మదనీ దర్గా దగ్గర కూర్చుని, రేవులోకి వచ్చే ఓడలు చూస్తూ కాసేపు ఏడ్చి దిగి వచ్చేది. మనిషితో మాత్రం చెప్పేది కాదు.

ఖుర్ఆన్‌లో 58వ సూరా (అధ్యాయం), అల్ ముజాదలా, చదివినప్పుడల్లా నాకు అమ్మీయే గుర్తొస్తుంది. "తన భర్త విషయమై నీతో వాదిస్తూ, అల్లాహ్‌కు మొర పెట్టుకుంటున్న స్త్రీ మాటను అల్లాహ్ విన్నాడు" అని మొదలవుతుంది ఆ సూరా. ఆ స్త్రీ ఖౌలా బిన్త్ సాలబా (రజి). భర్త ఔస్ ముసలితనంలో కోపిష్టి అయ్యాడు. ఒకరోజు ఆమెతో "నువ్వు నాకు నా తల్లి వీపుతో సమానం" అనేశాడు. జిహార్ అంటారు దాన్ని. ఆ కాలపు అరబ్బుల్లో ఆ ఒక్క మాటతో భార్య నిషిద్ధమైపోయేది. ఖౌలా గడప దాటి దైవప్రవక్త (స) దగ్గరికి వెళ్లింది. నా వయసంతా ఈయనకే ధారపోశాను, పిల్లల్ని కన్నాను, ఇప్పుడు ఇలా అన్నాడు అని చెప్పుకుంది. అదే ఇంట్లో ఓ మూలన ఉన్న ప్రవక్త భార్య ఆయిషా (రజి)కి ఆ మాటలు కొన్ని వినపడనే లేదట. ఏడాకాశాల పైనున్న వాడు విన్నాడు.

నన్ను ఎక్కువగా కదిలించేది ఆ తర్వాతి సంగతి. పరిహారంగా ఒక బానిసకు విముక్తి ఇవ్వమన్నారు. లేదంటే వరుసగా రెండు నెలల ఉపవాసాలు, అదీ చేతకాకపోతే 60 మంది పేదలకు భోజనం. ఆయన దగ్గర అంత లేదు అంది ఖౌలా. ముసలివాడు, ఉపవాసం ఉండలేడు. పెట్టడానికి తిండీ లేదు. అయితే ఒక బుట్ట ఖర్జూరాలు నేనిస్తాను అన్నారు ప్రవక్త (స). ఇంకో బుట్ట నేనిస్తాను అంది ఖౌలా. ఫిర్యాదు తెచ్చిన మనిషే! మంచి పని చేశావు, పంచిపెట్టి ఇంటికి వెళ్లు అన్నారాయన. ఆ ఇంట్లో ఏముందో, ఏం లేదో అంతా చెప్పింది కాబట్టే ఆ ఇంటికి సరిపడే దారి దొరికింది.

అబ్బా, అంటే మా నాన్న, పోయాక మా ఇంటి వాటాల మాట వచ్చింది. తాత, నాయనమ్మ అప్పటికే లేరు. అమ్మీ, ఇద్దరు అన్నయ్యలు, నేను. అప్పులు, వసీయత్ (వీలునామా) తీరాక ఇంటిని 40 పాళ్లు చేస్తే అమ్మీకి 5, అన్నయ్యలకు చెరో 14, నాకు 7. నాలుగో సూరా ప్రకారం లెక్క ఇంతే, ఎవరూ కాదనలేదు. "నీదెలాగూ మాఫ్ చేసేస్తావు కదా" అన్నారంతే. మా ఆయన ఇమాం సాబ్‌ని అడిగి వచ్చారు, "చెల్లెలు వాటా వదులుకుంటే తప్పా?" అని. ఇష్టంగా వదులుకుంటే తప్పు లేదన్నారు. జవాబు నిజమే. అడిగిందే సగం.

"నేనూ మనిషినే. మీలో ఒకరు రెండోవారికంటే నేర్పుగా వాదించవచ్చు. నేను విన్నదాన్ని బట్టే తీర్పు చెబుతాను. అలా ఎవరికైనా తన సోదరుడి హక్కు దక్కితే, అది నిప్పు ముక్క" అన్నారు ప్రవక్త (స). ఉమ్మె సలమా (రజి) చెప్పిన హదీసు ఇది. ప్రవక్త (స) ముందే అలా జరిగే వీలుంటే, మన ఇమాం సాబ్ ఎంత! ఫత్వా అడిగేటప్పుడు మనకు కావలసిన జవాబు వచ్చేలా ప్రశ్నను చెక్కుతాం. తర్వాత "మౌలానా చెప్పారు" అంటాం. నాకిది చాలా బాధగా ఉంటుంది.

మర్నాడు సాయంత్రం అసర్ నమాజు తర్వాత నేనే వెళ్లాను, మా ఆయన్ని వెంటబెట్టుకుని. "హజ్రత్, పుట్టింటి తలుపు మూసుకుపోతుందన్న భయంతో సంతకం పెడితే అది ఇష్టమేనా?" అని అడిగాను. గొంతు వణికింది. ఆయన చాలాసేపు తల దించుకుని ఉన్నారు. "కాదమ్మా. ముందు నీ వాటా నీ చేతికి రావాలి. ఆ తర్వాత నీకు ఇవ్వాలనిపించి ఇస్తే, అదీ ఇష్టం" అన్నారు.

పెద్దన్నయ్య నెల రోజులు మాట్లాడలేదు. చిన్నన్నయ్యే వచ్చి, ఒకేసారి ఇవ్వలేం, నెలనెలా ఇస్తామన్నాడు. సరేనన్నాను. కాగితాలింకా రాయలేదు.

మొన్న జుమా రోజు అమ్మీ పక్కన కూర్చుని అల్ ముజాదలా చదివి తర్జుమా వినిపించాను. ఖర్జూరాల దగ్గర ఆపమంది. చాలాసేపటికి, తలుపు వైపోసారి చూసి, గొంతు తగ్గించి అంది:

"బేటీ, ఇమాం సాబ్ దగ్గరికి మళ్లీ ఎప్పుడెళ్తావు? పెళ్లినాడు నాకిస్తానని ఒప్పుకున్న మహర్ మీ అబ్బా ఇవ్వనే లేదు. అదీ అప్పే కదా?"