చెల్లీ, మరిదీ, ఈ శని ఆదివారం సింగపూర్‌లో పరిగెత్తొద్దు

సింగపూర్ చిన్నదే కదా, రెండ్రోజుల్లో అంతా తిరిగేయొచ్చు అని మనోళ్ళు శానామంది అంటాంటారు. చిన్నదే, కాదనను. జిల్లాలు విడగొట్టకముందు మన అనంతపురం జిల్లా ఒక్కటే 19 వేల చదరపు కిలోమీటర్ల పైన ఉండేది, సింగపూర్ దేశం మొత్తం కలిపినా 750 లేదు. అక్కడి మెట్రో రైలు, ఎమ్మార్టీ అంటారు, అది ఎక్కితే యాడికైనా గంటో గంటన్నరో, అంతే. అందుకే పోయినోళ్ళంతా పొద్దున ఒకటి, మధ్యాహ్నం రెండు, సాయంత్రం మూడు అని పెట్టేసుకుంటారు. మా చెల్లి కూడా అట్లే పెట్టుకుని వాట్సాప్‌లో పంపింది, శనివారం యూనివర్సల్ స్టూడియోస్ అనే ఆటల పార్కు, మెర్లయన్ అనే సింహం తల చేప బొమ్మ, రాత్రికి నైట్ సఫారీ అనే జూ, ఆదివారం చైనాటౌన్, జ్యువెల్ అనే మాల్, ముస్తఫా అనే పెద్ద అంగడి, అక్కా ఎట్లుందో చూసి చెప్పు అని. చూసినా. దాదాపు అన్నీ తీసేయమని చెప్పినా. ఎందుకు తీసేయమన్నానో, వాటి బదులు ఏం చెయ్యమన్నానో ఈడ రాస్తాండా, మన దిక్కు నుంచి కొత్తగా పెళ్లై అక్కడికి పోయే పిల్లలు ఇంగా శానామంది ఉండారు కాబట్టి.

ముందు మా చెల్లి, మరిది సంగతి చెప్పాల. పెళ్లయినాక ఇక్కడ ఉన్నన్ని దినాలూ వాళ్ళిద్దరూ ఒంటరిగా కూర్చుని మాట్లాడుకున్నది లేదు. కొత్త జంట అని రోజుకొక ఇంట్లో భోజనం, పోకపోతే వాళ్ళకి కోపం, పోతే ఆడోళ్ళు లోపల, మొగోళ్ళు బయట. బయటికి పోదామంటే మన ఊర్లో యాడుంది చెప్పండి, శిల్పారామం, ఇస్కాన్ గుడి, లేకపోతే సినిమా. ఆడ గూడా ఎవురో ఒకరు తెలిసినోళ్ళు కనపడి ఏమ్మా బాగుండావా, మీ నాయన ఎట్లుండాడు అని మొదలుపెడితే అరగంట పోతుంది. అంతలో మరిది ముందుగా ఉద్యోగానికి వెళ్ళిపోయినాడు, ఈమె వీసా వచ్చేదాకా ఇక్కడే. ఇప్పుడు ఆమె పోయింది కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆయన ఆఫీసు, ఈమె కొత్త ఊర్లో ఒక్కతే. కాబట్టి వాళ్ళకి ఈ రెండ్రోజుల్లో కావాల్సింది పక్కపక్కన కూర్చునే టైము, దాన్ని తీసుకపోయి యూనివర్సల్ స్టూడియోస్ క్యూలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. అది ఎక్కడికీ పోదు, అమ్మానాయన వచ్చినప్పుడు అందరూ కలిసి పోవచ్చు.

ఇంగ ఎండ గురించి. మనకి ఎండ కొత్తనా అనుకుంటారు, కానీ అది మన అనంతపురం ఎండ కాదు. మనది పొడి ఎండ, నీడలోకి పోతే రోంత తెరిపిగా ఉంటుంది. సింగపూర్ భూమధ్యరేఖకి ఒక డిగ్రీ పైన ఉండే ఊరు, ఏడాది పొడుగునా ఉక్క, నీడలో నిలబడినా చెమట కారతానే ఉంటుంది, మధ్యాహ్నం పైన ఎప్పుడు వాన పడతాదో చెప్పలేం. అందుకని అక్కడ బయట తిరగడానికి పొద్దున పదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత, ఈ రెండే టైములు. నడుమ ఇంట్లో నిద్రపోండి. సెలవు దినం మధ్యాహ్నం నిద్ర పోగొట్టుకుని తిరిగితే సాయంత్రానికి ఇద్దరికీ తలనొప్పి, తర్వాత చిన్న మాటకే గొడవ.

శనివారం పొద్దున బొటానిక్ గార్డెన్స్. తెల్లారి 5 నుంచి రాత్రి 12 దాకా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు, లోపల ఆర్కిడ్ తోటకి మాత్రం టికెట్ ఉంది. 1859లో పెట్టిన తోట, 2015లో యునెస్కో వాళ్ళ ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఏడుకంతా అక్కడ ఉండేట్టు పోండి, వయసైనోళ్ళు వ్యాయామం చేస్తాంటారు, పిల్లోళ్ళు పరిగెత్తుతాంటారు, ఎవరి లోకం వాళ్ళది, మిమ్మల్ని ఎవురూ చూడరు. అక్కడ ఒక టెంబుసు చెట్టు ఉండాది, సింగపూర్ 5 డాలర్ల నోటు మీద ఉండేది ఆ చెట్టే, తోట పెట్టకముందు నుంచే ఉందంట. ఒక కొమ్మ అడ్డంగా కిందికి వంగి బలే ఉంటుంది. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూసినోళ్ళకి అది పెద్ద చెట్టు అనిపించదు లే, కానీ నోటు తీసి పక్కన పట్టుకుని చూస్తే సంతోషంగా ఉంటుంది. మరిది ఇంజనీరు కాబట్టి ఇంకొకటి చెప్తాండా, చెట్టు చావకుండా రబ్బరు పాలు తీసే పద్ధతి ఈ తోటలోనే హెన్రీ రిడ్లీ అనే ఆయన కనిపెట్టినాడు, మలయా, అంటే ఇప్పటి మలేషియా దిక్కు రబ్బరు తోటలు అంతగా పెరిగింది దాని తర్వాతే. తర్వాత హంసల చెరువు గట్టున ఒక బెంచీ చూసుకుని గంటసేపు కూర్చోండి. ఫోటోలు పది నిమిషాలు, తర్వాత ఫోన్లు బ్యాగులోకి. ఇది మాత్రం మాట ఇవ్వాల ఇద్దరూ.

ఆకలేస్తే అక్కడి స్టేషన్‌లోనే డౌన్‌టౌన్ లైన్ రైలు ఎక్కండి, మూడో స్టాపు లిటిల్ ఇండియా, మనోళ్ళ అంగళ్ళు, గుళ్ళు ఉండే పేట. రైల్లో మాత్రం ఏమీ తినొద్దు, నీళ్ళు గూడా తాగొద్దు, 500 డాలర్ల దాకా ఫైను. శనివారం కదా, మరిది నీసు ముట్టడు, గుడ్డు గూడా ముట్టడు, అందుకే ఆ పూటకి లిటిల్ ఇండియానే సరిపోతుంది, దోసె, ఇడ్లీ, పొంగలి అన్నీ దొరుకుతాయి. తిన్నాక సెరంగూన్ రోడ్డు మీదే నడుస్తా పోతే శ్రీనివాస పెరుమాళ్ గుడి వస్తుంది, 1855 నాటిది, శనివారం వెంకటేశ్వరస్వామి దర్శనం, అమ్మకి చెప్తే ఎంత సంతోషపడతాదో. మధ్యాహ్నం గుడి మూసేస్తారు కాబట్టి ముందే పోండి. ఆదివారం లిటిల్ ఇండియా వద్దని ఎందుకంటానంటే, ఆ రోజు కూలి పనులు చేసే మనోళ్ళకి, బంగ్లాదేశోళ్ళకి సెలవు, వారమంతా కష్టపడినోళ్ళు ఒక్క పూట స్నేహితుల్ని కలుసుకునే చోటు అది, అడుగు తీసి అడుగు వేయలేం. ఆ రోజు వాళ్ళకి వదిలేయడమే మంచిది అనిపిస్తుంది నాకు.

శనివారం రాత్రికి గార్డెన్స్ బై ద బే. ఇది ఆమె లిస్టులో లేనే లేదు, నేను కలిపినా. బేఫ్రంట్ స్టేషన్‌లో దిగండి, అదీ డౌన్‌టౌన్ లైనే. పూల అద్దాల మేడలకి టికెట్, కానీ బయట తోటకి టికెట్ లేదు, ఆ పెద్ద పెద్ద ఇనుప చెట్లు, సూపర్‌ట్రీలు అంటారు, 25 మీటర్ల నుంచి 50 మీటర్ల ఎత్తు, రాత్రి 7:45కి ఒకసారి, 8:45కి ఒకసారి పాటలకి తగ్గట్టు వాటి మీద లైట్లు వెలుగుతాయి. డబ్బులు లేవు. జనమంతా నేల మీదే వెల్లకిలా పడుకుని చూస్తారు, మీరూ ఒక దుప్పటి తీసుకపోయి పడుకోండి, సిగ్గుపడొద్దు. మా ఆయనతో అట్ల పడుకుని చూసిన రాత్రులు నాకు ఆ దేశంలో అన్నిటికంటే ఇష్టం.

ఆ రెండ్రోజులు చెల్లి స్టవ్ ముట్టిచ్చకూడదు, ఇది మరిదికి గట్టిగా చెప్పినా. అక్కడ హాకర్ సెంటర్లు అని ప్రతి పేటలోనూ ఉంటాయి, ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న చిన్న అంగళ్ళు, రెస్టారెంట్ కంటే శానా తక్కువ ధర, అక్కడోళ్ళు శానామంది తినేదే ఆడ. 2020లో యునెస్కో వాళ్ళు ఈ హాకర్ సెంటర్ల పద్ధతిని గూడా గుర్తించినారు. ఖాళీ టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంటే అది ఎవురో ఆపుకున్న సీటు అని, కూర్చోవద్దు. తిన్నాక ట్రే మీరే తీసుకపోయి పెట్టాల, లేకపోతే ఫైను. టీ కావాలంటే తే అనాల, చక్కెర వద్దంటే కొసాంగ్ అనాల. ఆదివారం పొద్దున లేటుగా లేచి కాయా టోస్ట్ తినండి, కొబ్బరిపాలు, గుడ్డు, చక్కెర కలిపి ఉడికించిన జామ్ రొట్టెకి పూసి ఇస్తారు, గుడ్డు ఉంది కాబట్టే దాన్ని ఆదివారానికి పెట్టినా.

ఆదివారం మధ్యాహ్నం దాకా ఏమీ లేదు. ఆ ఖాళీ చూసి చెల్లి ఏందక్కా ఇంత టైము వేస్టు అనింది. వేస్టు కాదు పాపా, ఒకరి పక్కన ఒకరు ఊరికే ఉండటం అలవాటు కావాల, అది టికెట్ కొని చేసే పని కాదు.

నాలుగున్నరకి ఈస్ట్ కోస్ట్ పార్క్. సముద్రాన్ని పూడ్చి చేసిన తీరం అది, 15 కిలోమీటర్ల దాకా పొడుగు. 2024 నుంచి ఎమ్మార్టీ ఆ దిక్కుకే వచ్చింది కాబట్టి పోయేది సులభం, మెరీన్ పరేడ్‌లో దిగి నడవొచ్చు. ఇద్దరూ కలిసి తొక్కే సైకిల్ బాడుగకి ఇస్తారు, అరగంట తొక్కండి చాలు. తర్వాత ఇసుకలో కూర్చుంటే సముద్రం మీద వరసగా పెద్ద పెద్ద ఓడలు లంగరేసి నిలబడి ఉంటాయి, ఏ దేశానిదో, యాడికి పోతాదో అని ఊహించుకుంటా కూర్చోవచ్చు. పొద్దు గూకేది ఏ నెలైనా ఇంచుమించు ఏడుకే. లాగూన్ ఫుడ్ విలేజ్ అని సముద్రం పక్కనే హాకర్ సెంటర్ ఉంది, రాత్రి భోజనం అక్కడే. వాన పడితే మాత్రం ఇదంతా వదిలేసి జ్యువెల్‌కి పోండి, విమానాశ్రయం పక్కనే, 40 మీటర్ల ఎత్తు నుంచి అద్దాల కప్పు లోపలే జలపాతం పడతాది, ఎదురుగా మెట్ల మీద కూర్చోనీకి చోటు ఉంటుంది. చెల్లి లిస్టులో నుంచి నేను ఉంచింది అదొక్కటే, అదీ వాన కోసం.

మరిది ఒక్కటే అడిగినాడు, వదినా ఆదివారం రాత్రి రోంతసేపు ల్యాప్‌టాప్ తీయొచ్చా అని. చెల్లిని అడుగు అన్నా. ఇంటికి ఫోన్ మాత్రం అక్కడి టైము సాయంత్రం ఏడుకి చెయ్యండి, ఇక్కడ నాలుగున్నర అవుతుంది, అమ్మ నిద్ర లేచి టీ పెట్టుకునే టైము, నాయన గూడా ఇంట్లోనే ఉంటాడు. పది నిమిషాలు మాట్లాడి పెట్టేయండి, మిగతా సంగతులు సోమవారం నాకు చెప్తే నేను వాళ్ళకి చెప్తా.