ఒక్క వాక్యం దగ్గర

"20 గజాల నారబట్ట ఒక కోటుకు సమానం." కార్ల్ మార్క్స్ 'పెట్టుబడి' (దాస్ కాపిటల్) మొదటి అధ్యాయంలోది. నల్లగొండ గ్రంథాలయంలో ఈ మధ్యాహ్నమంతా ఈ ఒక్క వాక్యం దగ్గరే కూర్చున్నాం, నేనూ మిత్రుడూ.

సమానం అనగానే రెండు వైపులూ ఒకటే అనిపిస్తుంది. మార్క్స్ అంత సులువుగా వదలడు. బట్ట తన విలువను చెప్పుకుంటోంది, కోటు దానికి అద్దంగా నిలబడింది. ఒకే సమీకరణంలో ఏ సరుకూ ఆ రెండు పాత్రలూ కలిపి చేయలేదు. డబ్బు పుట్టుక గురించిన వాదమంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది!

మొదటి అధ్యాయమే అన్నిటికన్నా కష్టమని 1867 ముందుమాటలో ఆయనే చెప్పాడు. సారాంశం చదివి దాటేయమనే వాళ్లతో నేను ఏకీభవించలేను.

మిత్రుడిది మిర్యాలగూడ. బట్ట స్థానంలో వడ్లు పెట్టి మళ్లీ చదువుదామన్నాడు. చదివాం. వడ్లు తమ విలువను తామే చెప్పుకోలేవు, ఎదురుగా ఇంకో సరుకు ఉండాలి.

రేపు తరువాతి పేరా.