హంతకుడెవరో చెప్పకుండా రాయడం

నిన్న రాత్రి సగంలో ఆపిన నేర పరిశోధన నవల ఈ ఉదయం పూర్తయింది. చివరి పుట చదవగానే సమీక్షకు కూర్చోవడం నా పద్ధతి కాదు. హంతకుడెవరో తెలిసిన తరువాత మొదటి అధ్యాయాలను మళ్లీ తిరగేస్తాను. ఆధారాలన్నీ ముందే పాఠకుడి కళ్ల ఎదుట పెట్టి, అయినా అతని చూపు వాటి మీద నిలవకుండా చేశారా, లేక ఆఖరి పుటల్లో ఎక్కడినుంచో ఒక కవల సోదరుణ్ణి దింపి చేతులు దులుపుకున్నారా అన్నది తేలితే తప్ప నాకు కలం కదలదు.

ఈ పుస్తకం ఆ పరీక్షకు నిలిచింది. పేరు ఇక్కడ రాయడం లేదు కనుక కీలకాన్ని దాచనక్కరలేదు. మూడో అధ్యాయంలో హతుడి పడకగదిని వర్ణిస్తూ, మంచం పక్క బల్ల మీది వస్తువులను రచయిత్రి వరుసగా చెప్పారు: కళ్లద్దాలు, సగం తాగిన నీళ్ల గ్లాసు, వినికిడి యంత్రం, మందుల డబ్బా, చించి అతికించిన ఉత్తరం. ఇన్‌స్పెక్టరు వెంటనే ఆ ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుంటాడు. తరువాతి రెండు పుటలూ ఉత్తరం గురించే. నా ధ్యాసంతా దాని వెంటే పోయింది. అయితే వినికిడి యంత్రం బల్ల మీద ఉన్నదంటే, ఆ రాత్రి తాను తలుపు తట్టగానే మామయ్య లోపలినుంచి బదులిచ్చాడని మేనల్లుడు ఇచ్చిన వాంగ్మూలం నిలవదు. అసలు వస్తువును జాబితా మధ్యలో పెట్టి, కంటిని లాగే వస్తువును చివరన ఉంచడం ఈ రచయితలందరికీ తెలిసిన ఎత్తే. తెలిసి కూడా పాఠకుడు దానికి లొంగిపోయేలా రాయడంలోనే పనితనమంతా ఉంది. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, పక్కన పుట సంఖ్య రాసుకున్నాను.

ఆంగ్ల నేర కథా రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో ఇటువంటి కథలకు పది నియమాలు ప్రకటించారు. నేరస్థుడి ప్రస్తావన కథ తొలి భాగంలోనే రావాలని, పరిశోధకుడికి దొరికిన ఆధారాన్ని పాఠకుడికీ చూపాలని అన్న రెండూ నా దృష్టిలో ఇప్పటికీ సడలించరానివి. మిగతావాటిని ఎవరైనా కారణం చూపి అతిక్రమిస్తే నాకు అభ్యంతరం లేదు. 1926లో అగాథా క్రిస్టీ 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' వెలువడినప్పుడు ఆ ముగింపు న్యాయమైనదేనా అన్న వాదన గట్టిగానే నడిచింది. న్యాయమైనదేనని నేను నమ్ముతాను. ఎందుకో వివరించాలంటే ముగింపు చెప్పాలి, అది ఈ డైరీలో కూడా చెప్పను. దాదాపు నూరేళ్లయినా ఆ పుస్తకాన్ని మొదటిసారి తెరిచే మనిషి ఎక్కడో ఉంటూనే ఉంటారు.

మధ్యాహ్నమంతా సమీక్షకే సరిపోయింది. నవలలో మెచ్చుకోవలసినదంతా చెప్పకూడని చోటే ఉండడం ఈ వ్యాపకంలోని అసలు కష్టం. వినికిడి యంత్రం పేరెత్తితే పుస్తకం పాడవుతుంది. "చివరి మలుపు ఊహకందదు" అని మెచ్చుకున్నా పాడవుతుంది, ఎందుకంటే ఆ మాట విన్న పాఠకుడు మొదటి పుటనుంచీ మంచివాడిగా కనిపించే ప్రతివాడినీ అనుమానిస్తూ కూర్చుంటాడు. కథాసారాన్ని మొదటి హత్య దగ్గరే ఆపేశాను. పరిశోధన నడిచే తీరును, సాక్షులు ఒక్కొక్కరు ఒక్కో రకంగా మాట్లాడడాన్ని, మధ్య అధ్యాయాల్లో ఇన్‌స్పెక్టరు కుటుంబ కలహం అనవసరంగా సాగడాన్ని వివరించాను. ముగింపు గురించి ఒక్క వాక్యమే రాశాను: సమాధానానికి కావలసినదంతా సగం పుస్తకం లోపే పాఠకుడి చేతిలో ఉంటుంది. అది నిజం, దానివల్ల ఎవరి సరదా చెడదు.

సాయంత్రం, కొన్నాళ్లుగా చూస్తున్న నేర ధారావాహికలో ఆరో భాగం చూశాను. నవలకు లేని చిక్కు ఒకటి తెరకు ఉంది. పేరున్న నటుడు పొరుగింటివాడిగా రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోతే, అంతటివాణ్ణి ఇంత చిన్న పాత్రకు ఎందుకు తీసుకున్నారని ప్రేక్షకుడికి వెంటనే తోస్తుంది. రహస్యం అక్కడే సగం జారిపోతుంది. పైగా నాలుగు భాగాలకు సరిపోయే కథను ఎనిమిదికి సాగదీయడంతో, మూడో భాగంలో పట్టుబడిన అనుమానితుడు నిర్దోషి అని తేలడం నియమంగా మారిపోయింది. 1971లో ధారావాహికగా మొదలైన 'కొలంబో'లో ఈ బాధ లేదు. హంతకుణ్ణి ముందే చూపించి, అతడు ఎలా దొరుకుతాడన్న దాని మీదే కథను నడిపారు. ఆంగ్ల రచయిత ఆస్టిన్ ఫ్రీమన్ 1912లోనే కథల్లో ఈ దారి తొక్కారు. ఇటువంటివాటిని సమీక్షించేటప్పుడు హంతకుడి పేరు స్వేచ్ఛగా రాయవచ్చు; దాచవలసింది అతడు ఎక్కడ తడబడ్డాడన్నదే.

ఈ ధారావాహిక నిజంగా జరిగిన నేరం ఆధారంగా తీసినదట. అది తెలిసినప్పటినుంచి నా కొలమానం మారింది. హతురాలి గదిని, బట్టలను, గాయాలను కెమెరా పదేపదే తడుముతుంటే, ఆమె తల్లికి మాత్రం ఆరు భాగాల్లో కలిపి రెండు సన్నివేశాలే ఇచ్చారు. కల్పిత కథలో దీన్ని శిల్పదోషమని రాసి వదిలేసేవాణ్ణి. ఆమె కుటుంబం ఎక్కడో బతికి ఉండి ఇది చూడవలసి వస్తుందని తెలిసిన తరువాత, ఛాయాగ్రహణం బాగుందని మొదటి పేరాలో రాయడానికి మనసొప్పలేదు. ఆ మాటను కిందికి దించి, తల్లి పాత్రకు జరిగిన అన్యాయంతో సమీక్షను మొదలుపెట్టాను. మిగిలిన రెండు భాగాలు రేపు చూసి, అప్పటికీ ఆమెకు చోటు దక్కకపోతే ఆ పేరాను అలాగే ఉంచుతాను.