డోపమైన్‌ను ఒంటరిగా చదవొద్దు

నీట్ పీజీ మొదటి అటెంప్ట్‌కి నా నోట్సులో మెదడు రసాయనాల పట్టిక ఒకటి ఉండేది. డోపమైన్ అంటే ఆనందం, సెరటోనిన్ అంటే మూడ్, గాబా అంటే అణచివేత, ఎండార్ఫిన్ అంటే నొప్పి తగ్గడం. ఎన్నిసార్లు రివిజన్ చేశానో లెక్కలేదు. తర్వాత ఒక గ్రాండ్ టెస్టులో మార్ఫిన్ ఇస్తే డోపమైన్ ఎలా పెరుగుతుందని అడిగారు. డోపమైన్ న్యూరాన్లను (నాడీకణాలను) నేరుగా ప్రేరేపిస్తుందనే ఆప్షన్ పెట్టాను. రావాల్సిన నాలుగు మార్కులు రాలేదు, పైగా ఒక మార్కు పోయింది. పట్టిక మొత్తం నోటికి వచ్చినా ఆ ప్రశ్నకు అందులో జవాబు లేదు.

జవాబు ఇది. మధ్యమెదడులో వీటీఏ అనే చిన్న ప్రాంతం ఉంది. అక్కడి డోపమైన్ న్యూరాన్ల పోగులు మెదడు రివార్డ్ కేంద్రమైన న్యూక్లియస్ అకంబెన్స్ దాకా వెళ్తాయి. ఆ న్యూరాన్లను గాబా న్యూరాన్లు ఎప్పుడూ అదుపులో ఉంచుతాయి. మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్లను అందుకునే మ్యూ రిసెప్టర్ల ద్వారా మార్ఫిన్ అణిచేది ఈ గాబా న్యూరాన్లనే. కాపలా తప్పుకోగానే డోపమైన్ పెరుగుతుంది. డిస్‌ఇన్‌హిబిషన్, అంటే ఆపేదాన్నే ఆపడం, అనే మాట నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే.

ఆ రాత్రి పాత క్యాలెండర్ కాగితం తిప్పి, మధ్యలో వీటీఏ, పక్కన అకంబెన్స్ గీశాను. ఒక్కో రసాయనానికీ ఒక బాణం గీస్తూ ఒకటే ప్రశ్న వేసుకున్నాను: ఇది ఎవరిని లేపుతోంది, ఎవరిని ఆపుతోంది? మెదడు ముందుభాగమైన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నుంచి వచ్చే గ్లూటమేట్ లేపుతుంది. ఎసిటైల్‌కోలిన్ నికోటినిక్ రిసెప్టర్ల మీద పనిచేసి లేపుతుంది, సిగరెట్ పట్టుకునే దారి కూడా అదే. హైపోథలామస్ నుంచి వచ్చే ఒరెక్సిన్ కూడా లేపేదే. సెరటోనిన్ మాత్రం రిసెప్టర్‌ను బట్టి రెండు పనులూ చేస్తుంది. 5హెచ్‌టీ2సీ అనే దాని రిసెప్టర్ ద్వారా అయితే ఆపుతుంది.

బొమ్మ పూర్తయ్యాక మందులు వాటంతటవే తమ చోట్లలో కూర్చున్నాయి. కొకైన్ డోపమైన్‌ను వెనక్కి తీసుకునే ట్రాన్స్‌పోర్టర్‌ను మూసేస్తుంది. వరెనిక్లిన్ నికోటినిక్ రిసెప్టర్ మీద పార్షియల్ అగోనిస్ట్, అంటే దాన్ని కొంతమేరకే లేపుతుంది, కాబట్టి సిగరెట్ మానడానికి ఇస్తారు. మద్యం మానాలనుకునేవారికి ఓపియాయిడ్ రిసెప్టర్లను మూసేసే నాల్ట్రెక్సోన్ ఎందుకిస్తారని నేను చాలాకాలం తికమక పడ్డాను. మద్యం మెదడులోని ఎండార్ఫిన్లను విడుదల చేయిస్తుందని, అవి పనిచేసేదీ ఆ రిసెప్టర్ల మీదేనని తెలిస్తే ఆ తికమక ఉండదు.

ఇక డోపమైన్ అంటే ఆనందం అనే మాటను దయచేసి మీ నోట్సులోంచి కొట్టేయండి. నన్ను ఎక్కువగా దెబ్బతీసింది అదే. మెదడు శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ బృందం ఎలుకల మెదడులో డోపమైన్‌ను దాదాపు పూర్తిగా తీసేసి చూసింది. అవి తిండి కోసం కదలవు, తినవు. కానీ నోట్లో చక్కెర నీళ్లు పోస్తే పెదాలు నాక్కుంటూ ఇష్టాన్ని మామూలుగానే చూపిస్తాయి. అంటే పోయింది కోరిక, రుచి కాదు. రుచిలోని ఇష్టంలో మెదడు సొంత ఓపియాయిడ్లకు పెద్ద పాత్ర ఉంది.

దీనికి జతగా మరో మెదడు శాస్త్రవేత్త వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల ప్రయోగం చదవండి. అనుకోకుండా జ్యూస్ చుక్క దొరికితే డోపమైన్ న్యూరాన్లు ఎగిసిపడతాయి. జ్యూస్‌కు ముందు ఒక సంకేతం వస్తుందని కోతి నేర్చుకున్నాక, అవి సంకేతానికే స్పందిస్తాయి, జ్యూస్‌కు కాదు. సంకేతం వచ్చీ జ్యూస్ రాకపోతే, రావాల్సిన ఆ క్షణంలో వాటి చురుకుదనం మామూలు స్థాయి కంటే పడిపోతుంది. అనుకున్నదానికీ దొరికినదానికీ మధ్య తేడానే డోపమైన్ లెక్కగడుతోంది.

ఇంటర్న్‌షిప్‌లో చూసిన ఒక పెద్దాయన ఇక్కడే గుర్తొస్తారు. పార్కిన్సన్స్‌కి ప్రమిపెక్సోల్ మొదలుపెట్టిన కొన్ని నెలలకు, ఎన్నడూ పేక ముట్టని మనిషి రోజంతా ఆడుతున్నారని ఆయన భార్య ఏడ్చారు. "ఆడేటప్పుడు ఆయన ముఖంలో సంతోషం కూడా ఉండదు బాబూ, ఆపలేకపోతున్నారు" అన్నారామె. ఆ మందు డీ2, డీ3 అనే డోపమైన్ రిసెప్టర్లను ప్రేరేపిస్తుందని మాకు అప్పటికే తెలుసు. కోరిక వేరు, ఆనందం వేరు అనే సంగతి ఆమె చెప్పినంత స్పష్టంగా మాత్రం నాకెక్కడా దొరకలేదు.

అందుకే ఫిజియాలజీలో లింబిక్ సిస్టమ్, ఫార్మకాలజీలో సీఎన్‌ఎస్, సైకియాట్రీలో వ్యసనాలు, మూడింటినీ ఒకే వారంలో పెట్టుకోండి. నెలల తేడాతో చదివితే ఒక దాంట్లో నేర్చుకున్న బాణం ఇంకోదాంట్లో కనిపించదు.

నా కాగితం మీద చివరగా చేరింది డైనార్ఫిన్, మెదడు సొంత ఓపియాయిడ్లలో ఇంకొకటి. డోపమైన్ పదేపదే ఎగిస్తే అకంబెన్స్‌లో డైనార్ఫిన్ తయారీ పెరుగుతుంది. అది కప్పా అనే ఇంకో రకం ఓపియాయిడ్ రిసెప్టర్ల ద్వారా డోపమైన్ విడుదలనే తగ్గిస్తుంది. మత్తు మానేసిన రోజుల్లో మనసు అంత కిందికి జారడానికి ఇదొక కారణం. వెనక్కి తిరిగే ఆ బాణానికి కాగితంలో చోటు మిగల్లేదు. ఇంకో ముక్క అతికించి గీశాను.