బైపాస్‌కు ముందు మనసుకు చెప్పి ఉంచాల్సినవి

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు నుంచి గుండె ఆపరేషన్‌కు చెన్నై వచ్చేవాళ్ళ సంచిలో అన్నీ ఉంటాయి. యాంజియో సీడీ, ఎకో రిపోర్టు, ఆధార్ జిరాక్సులు, దేవుడి పటం, ఎవరూ తినొద్దని చెప్పినా ఒక ఊరగాయ సీసా. ఆపరేషన్ తర్వాత కళ్ళు తెరిచేసరికి ఎక్కడ ఉంటామో, ఒంటికి ఏమేమి తగిలించి ఉంటాయో, ఇంటికెళ్ళాక మనసు ఎలా ఉంటుందో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు. "ధైర్యంగా ఉండండి" అని మాత్రం అందరూ అంటారు. ఆ మాటతో ధైర్యం రాదు. ఏ రోజు ఏం జరుగుతుందో ముందే తెలిస్తే కొంత వస్తుంది.

ఇక్కడ రాస్తున్నది ఛాతీ మధ్య ఎముక కోసి చేసే బైపాస్ గురించి. వాల్వు మార్చే ఆపరేషన్‌కూ చాలావరకు ఇదే వర్తిస్తుంది. మన దేశంలో మొదటి బైపాస్ 1975లో ఈ ఊళ్ళోనే, పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. ఇప్పుడది సర్జన్లకు రోజువారీ పని. మనకు మాత్రం జన్మకొకసారి వచ్చేది, కాబట్టి భయపడటంలో సిగ్గుపడాల్సింది లేదు.

కాగితాల పని ముందు ముగించండి. బ్యాంకు ఖాతా, బీమా, ఇంటి పత్రాలు ఎక్కడున్నాయో, ఆసుపత్రిలో ఎవరు సంతకం పెడతారో ఒక పుస్తకంలో రాసి ఒకరికి అప్పగించండి. "అపశకునం మాటలెందుకు" అని ఇంట్లో అడ్డుపడతారు. అయినా వారం ముందే చెయ్యాలి. ఆపరేషన్ ముందు రాత్రి చేస్తే అది నిజంగానే అప్పగింతలా అనిపించి ఆ రాత్రి నిద్ర పట్టదు. ముహూర్తం విషయం కూడా మొదటి రోజే అడిగేయండి. అత్యవసరం కాని కేసుల్లో ఒకటి రెండు రోజులు సర్దవచ్చేమో. గుండెకు రక్తం అందించే ఎడమ ప్రధాన రక్తనాళంలో అడ్డు ఉందన్నప్పుడు మాత్రం మంచిరోజు కోసం ఆగకండి.

ఆడవాళ్ళను బాగా కుదిపే సంగతి ఒకటుంది. థియేటర్‌కు తీసుకెళ్ళే ముందు మంగళసూత్రం, గాజులు, ముక్కుపుడక అన్నీ తీయాలి. ఆపరేషన్‌లో కరెంటుతో రక్తం ఆపే పరికరం వాడతారు, ఒంటి మీద లోహం ఉంటే చర్మం కాలే ప్రమాదం. ఈ సంగతి స్ట్రెచర్ ఎక్కాక తెలిస్తే చాలామంది అక్కడే ఏడ్చేస్తారు. ముందు రోజే ఇంట్లో కూర్చుని, తన చేత్తో తీసి, నచ్చిన మనిషికి ఇస్తే ఆ బరువు సగం తగ్గుతుంది. గోళ్ళ రంగు, గోరింటాకు కూడా వద్దు. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చదవదు.

మత్తు డాక్టరు వచ్చినప్పుడు ఒక ప్రశ్నకు నిజం చెప్పి తీరాలి: మందు తాగుతారా, రోజుకు ఎంత? భార్యా పిల్లల ముందు అందరూ "ఎప్పుడో పండక్కి" అంటారు. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో చేతులు వణుకుతాయి, మతి తప్పుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అది సరిగ్గా ఐసీయూ రోజులతో కలుస్తుంది. ముందే తెలిస్తే మందులతో ఆపగలరు. డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి, తప్పేం లేదు. రక్తం పలచబడే మాత్రల సంగతీ అప్పుడే తేల్చుకోవాలి. క్లోపిడోగ్రెల్ సాధారణంగా 5 రోజుల ముందు ఆపిస్తారు, ఆస్పిరిన్ చాలామందికి కొనసాగిస్తారు. ఏదైనా వాళ్ళు చెప్పాకే, మీ అంతట మీరు కాదు.

ఊపిరితిత్తుల వ్యాయామానికి వాడే మూడు బంతుల స్పైరోమీటర్ ఆపరేషన్‌కు ముందే కొని అలవాటు చేసుకోండి. నూటికి తొంభై మంది దాన్ని బెలూన్‌లా ఊదుతారు. ఊదకూడదు, పీల్చాలి. గాలి మెల్లగా లోపలికి లాగి, బంతిని పైన రెండు మూడు సెకన్లు నిలబెట్టి వదలాలి. ఆపరేషన్ తర్వాత మెలకువగా ఉన్నంతసేపు గంటకు పదిసార్లు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా, తొడల బలంతో లేవడం కూడా ఇప్పటి నుంచే నేర్చుకోవాలి, రోజుకు పది పదిహేను సార్లు. తర్వాత 6 నుంచి 8 వారాలు ఎముక అతికేదాకా చేతుల మీద బరువు వెయ్యనివ్వరు. నేల మీద కూర్చునే అలవాటూ, కూర్చునే రకం మరుగుదొడ్డీ ఉన్న ఇంట్లో ఇదే మొదట చిక్కు తెస్తుంది. కుర్చీ కమోడ్ ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఇక ఐసీయూ. కళ్ళు తెరిచేసరికి నోట్లో గొట్టం ఉంటుంది, మాట రాదు. మెడ దగ్గర ఒక లైను, మణికట్టులో ఒకటి, పక్కటెముకల కింద నుంచి లోపలి రక్తం, నీరు బయటికి పోయే రెండు మూడు డ్రెయిన్ గొట్టాలు, మూత్రం గొట్టం, పొట్ట పైభాగంలో గుండె గతి సరిచేసే సన్నటి పేసింగ్ తీగలు. తెలియక గొట్టం పీకేస్తారని చేతులు మెత్తటి గుడ్డతో కట్టి ఉండవచ్చు. చిక్కులు లేని మనిషికి నోటి గొట్టాన్ని సాధారణంగా 6 నుంచి 12 గంటల్లో తీస్తారు. తీసిన వెంటనే నీళ్ళివ్వరు. మింగడం సరిగా ఉందని చూసుకున్నాకే చెంచాతో తడుపుతారు. ఆ దాహం నొప్పి కంటే ఎక్కువ బాధిస్తుంది, ముందే తెలిసి ఉండాలి.

మన తెలుగువాళ్ళకు ఇక్కడ ఇంకో ఇబ్బంది. సిస్టర్లలో చాలామంది తమిళమో మలయాళమో మాట్లాడతారు. ఒక దళసరి అట్ట మీద పెద్ద అక్షరాలతో, బొమ్మలతో ఆరేడు మాటలు రాసుకోండి: నొప్పి, దాహం, ఊపిరి ఆడటం లేదు, చలి, పక్కకు తిప్పండి, భయంగా ఉంది. పక్కనే తమిళంలోనూ రాయించండి. తమిళంలో నొప్పి వలి, నీళ్ళు తణ్ణి. మలయాళంలో నొప్పి వేదన, అది మనకూ దగ్గరి మాటే. నీళ్ళు వెళ్ళం. సిస్టర్ "వెళ్ళం" అంటే ఎక్కడికీ వెళ్ళమని కాదు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కన్ను మూసే సైగ కూడా ఇంట్లోవాళ్ళతో అనుకుని, ఐసీయూలోనూ చెప్పి ఉంచండి.

మొదటిసారి లోపలికి వెళ్ళి చూసే కుటుంబ సభ్యులకు ఒక హెచ్చరిక. ముఖం ఉబ్బి, పాలిపోయి ఉంటుంది, చేయి పట్టుకుంటే చల్లగా తగులుతుంది. అది ఊహించినదే. గుండె ధైర్యం ఉన్న మనిషినే మొదట పంపండి. ఆ మనిషి బయటికొచ్చి చెప్పే తీరును బట్టే మిగతావాళ్ళ ఆ రాత్రి గడుస్తుంది.

రెండో రాత్రి, మూడో రాత్రి కొందరికి, ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళకు, మతి చెదురుతుంది. పైకప్పు మీద చీమలు పాకుతున్నాయంటారు, సిస్టర్లు చంపడానికి చూస్తున్నారంటారు, కన్న కొడుకును గుర్తుపట్టరు. డెలీరియం అంటారు దీన్ని. పిచ్చి కాదు. మత్తు, నొప్పి మందులు, నిద్ర లేకపోవడం, ఇన్‌ఫెక్షన్, ఒంట్లో ఉప్పు శాతం తేడా, ఇలా ఏదైనా కారణం కావచ్చు కాబట్టి డాక్టరుకు చెప్పాలి. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. వాదించకండి. పేరు పెట్టి పిలిచి, ఈ రోజు ఫలానా వారం, మనం చెన్నైలో ఉన్నాం, ఆపరేషన్ అయిపోయింది అని మెల్లగా చెప్పండి. కళ్ళజోడు, చెవి మిషను, కట్టుడు పళ్ళు ఉంటే పేరు రాసిన డబ్బాలో మీ దగ్గరుంచుకుని, గొట్టం తీయగానే ఇప్పించండి. సగం చూపూ సగం వినికిడీతో ఎవరికైనా లోకం తలకిందులుగానే కనిపిస్తుంది.

వార్డుకు వచ్చాక, సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య, గుండె ఒక్కసారిగా గతి తప్పి దడదడలాడవచ్చు. బైపాస్ అయిన పదిమందిలో ఇద్దరు ముగ్గురికి వస్తుంది, మందులతో ఎక్కువగా సర్దుకుంటుంది. ముందే చెప్పకపోతే ఆపరేషన్ ఫెయిలైందని మనిషి లోలోపల కుంగిపోతాడు. వెంటనే సిస్టర్‌ను పిలవండి, దాచకండి. నొప్పి మాత్ర కూడా ఓర్చుకుని ఓర్చుకుని అడిగేది కాదు. నొప్పికి భయపడి దగ్గకపోతే కఫం ఊపిరితిత్తుల్లో నిలిచి న్యుమోనియా అవుతుంది. దిండు ఛాతీకి హత్తుకుని దగ్గాలి. కోత కంటే వీపు, భుజాలే ఎక్కువ లాగుతాయి, పక్కటెముకలను తెరిచి పట్టి ఉంచారు గనక. ఎడమ ఛాతీ మొద్దుబారడం బైపాస్‌కు వాడేందుకు ఛాతీ లోపలి ధమని తీసినందువల్ల, నెలల తరబడి ఉండవచ్చు.

డిశ్చార్జ్ అయ్యాక ఒకసారి మళ్ళీ చూపించుకునేదాకా ఊరెళ్ళకుండా చెన్నైలోనే గది తీసుకుని ఉండటం మంచిది. ఆ రోజుల్లో నడకే మందు. మొదట 5 నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు, మెల్లమెల్లగా పెంచుతూ ఆరో వారానికి అరగంట. నడుస్తూ మాట్లాడగలగాలి, ఆయాసంతో మాట తెగితే ఆగాలి. ఇక్కడి ఎండకు తెల్లవారుజామునే వెళ్ళాలి. మైలాపూరు లజ్‌లో నాగేశ్వరరావు పార్కు ఉంది, అమృతాంజనం పెట్టిన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీదిదే. ఆయన పార్కులో నడవండి, ఆయన అమృతాంజనం మాత్రం కుట్ల దగ్గర రాయకండి. మూడు కిలోలు మించిన బరువు ఎత్తొద్దు. గుమ్మంలో దించిపోయే నీళ్ళ క్యాను 20 కిలోలు, దాన్ని జరపడం కూడా ఎత్తడమే. బస్సులో పైకడ్డీ పట్టుకోవడం, మనవరాలిని చంకనెత్తుకోవడం, బీరువా తలుపు గుంజడం, అన్నీ ఇందులోకే వస్తాయి. ఛాతీ ఎముక కదిలి టక్కుమన్నా, కుట్లలోంచి రసి కారినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, ఒక్క రోజులో కిలో పైన బరువు పెరిగినా అదే రోజు ఫోన్ చెయ్యండి. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం అయితే 108.

ఊరికి వెళ్ళాక అసలు కష్టం మొదలవుతుంది. ఆసుపత్రిలో గంట నొక్కితే సిస్టర్ వస్తుంది, మానిటర్ మోగుతూ బతికున్నావని చెబుతూ ఉంటుంది. ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. రెండో వారం, మూడో వారం ఏ కారణం లేకుండా ఏడుపు వస్తుంది, కూరలో ఉప్పు లేదని భార్య మీద కోపం వస్తుంది, పేపర్లో రెండు లైన్లు చదివితే తల తిరుగుతుంది, భయంకరమైన కలలు. పెద్ద ఆపరేషన్ తర్వాత ఒంటి తీరే అంత. కొన్ని రోజులు బాగుండి మళ్ళీ ఒకరోజు దిగజారుతుంది. దాన్ని వెనక్కి పోవడంగా లెక్కపెట్టకూడదు. పగలు అరగంటకు మించి పడుకోనివ్వకండి, రాత్రి నిద్ర పట్టదు. అలాగని మంచాన కూర్చోబెట్టి పూజ చెయ్యడమూ హానే. మాత్రల డబ్బా తానే నింపుకోవాలి, పొద్దున్నే బరువు చూసి రాసుకోవాలి, చిక్కుడుకాయలు ఒలవాలి.

పరామర్శల సంగతి ఇంట్లో ఒకరు నిర్దాక్షిణ్యంగా చూసుకోవాలి. పది నిమిషాలు, ఇద్దరికి మించి కాదు. "మా బాబాయికీ ఇలాగే అయింది, మూడో నెలలో..." అని మొదలుపెట్టేవాళ్ళకు కాఫీ ఇచ్చి వాకిట్లోంచే సాగనంపండి. రాత్రుళ్ళు కునికిపాట్లు పడుతూ కుర్చీలో కూర్చునే భార్యనో కూతురినో కూడా ఎవరైనా వంతు వేసి నిద్రపోనివ్వాలి. భర్త ఊపిరి ఆడుతోందా అని గంటకోసారి లేచి చూసే మనిషికి నెలరోజుల్లో తన ఆరోగ్యం పోతుంది.

దిగులు రెండు వారాలు దాటి దాదాపు రోజంతా ఉంటే, ఏ పని మీదా మనసు లేకపోతే, నడవనని, మాత్రలొద్దని, ఎందుకు బతికించారని అంటుంటే, అది చికిత్స కావాల్సిన డిప్రెషన్. గుండె జబ్బు ఉన్నవాళ్ళకూ ఇవ్వగలిగే మందులున్నాయి, వాడితే కోలుకోవడమూ తేలికవుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416 కు ఏ గంటలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. ఆ తర్వాత రివ్యూకు వెళ్ళినప్పుడు గుండె డాక్టరుకు కూడా చెప్పాలి. రోగి నోట మొదట "బాగానే ఉన్నాను డాక్టర్" అనే వస్తుంది. పక్కన కూర్చున్నవాళ్ళు ఎన్ని రాత్రులు నిద్ర లేదో, ఎన్నిపూటలు అన్నం మానేశారో రోజూ రాసిపెట్టి, ఆ పుస్తకం తీసి చదవాలి.