గోడకి గుద్దే కారు

అక్కకి ఆదివారం కూడా డ్యూటీ. పొద్దున్నే కొడుకుని మా ఇంట్లో దింపి వెళ్ళింది. వాడికి ఆరేళ్ళు. కారు ప్రమాదంలో బావ పోయి ఎనిమిది నెలలైంది. ఆ రోజు కారులో వెనక సీట్లో వీడూ ఉన్నాడు. ఒంటిమీద చిన్న గీతలే. "అదృష్టం, పిల్లాడికి ఏమీ కాలేదు" అని అందరం అనుకున్నాం.

నెల దాటినా పక్క తడపడం ఆగలేదు. బ్రేకు చప్పుడు వినపడితే చెవులు మూసుకుని బిగుసుకుపోయేవాడు. అప్పుడు కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళాం. మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం వీడిలో ఇంకా గంట కొడుతూనే ఉందని ఆవిడ చెప్పారు. అలాంటప్పుడు "భయం లేదురా" అని ఎంత చెప్పినా బుర్రకెక్కదు, ముందు ఒళ్ళు నెమ్మదించాలి. అందుకే సబ్బు బుడగలు ఊదిస్తాం. బుడగ పగలకుండా పెద్దదవ్వాలంటే ఊపిరి నెమ్మదిగా వదలాల్సిందే. రోజూ రాత్రి బుడగలు, పళ్ళు తోముకోవడం, కథ, ఆ తర్వాతే పడక. ఆ వరస తప్పితే ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ ఆ ఆట మొదలుపెట్టాడు. ఎర్ర కారుని తలుపు దగ్గర నుంచి తోస్తాడు, గోడకి గుద్దుతుంది, బోర్లా పడుతుంది. తీసుకొచ్చి మళ్ళీ తోస్తాడు. మొహంలో నవ్వుండదు. మొదట్లో చూడలేక కారు దాచేసేదాన్ని. తర్వాత దీని గురించి చదివాను. 1976లో అమెరికాలోని చౌచిల్లాలో స్కూలు బస్సులో వెళ్తున్న 26 మంది పిల్లల్ని ఎత్తుకెళ్ళి, భూమిలో పాతిపెట్టిన ఓ బండిలో బంధించారు. అందరూ బతికి బయటపడ్డారు. ఆ పిల్లల్ని కొన్నేళ్ళు గమనించిన సైకియాట్రిస్టు లెనోర్ టెర్, వాళ్ళు జరిగినదాన్నే మళ్ళీ మళ్ళీ ఆడటం, అయినా మనసు తేలికపడకపోవడం గుర్తించారు. అది చదువుతుంటే మా హాలే కళ్ళముందు కనిపించింది. ఆట ఆపొద్దు, అలాగని అందులో వాడిని ఒక్కడినే వదలొద్దు అన్నారు కౌన్సిలర్.

అందుకని ఇవాళ వాడి పక్కనే నేల మీద కూర్చున్నాను. పద్నాలుగుసార్లు గుద్దించాడు.

"కారు పడిపోయింది. లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఒక బాబు."

"బాబు ఏం చేస్తున్నాడు?"

చాలాసేపు చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. "బాబు నీళ్ళు అడిగాడు పిన్నీ. నాన్న వెనక్కి తిరిగాడు. అందుకే."

నాకు గొంతు పట్టేసింది. ఎనిమిది నెలలుగా వాడు ఎవర్నీ నీళ్ళు అడగలేదు. స్టూలు లాక్కుని, ఎక్కి, తనే పట్టుకుని తాగుతాడు. ఎంత బుద్ధిగా తన పని తను చేసుకుంటున్నాడో అని మేమంతా మురిసిపోయాం. ఎంత పొరపాటు!

"అలా అనకు" అని నోరు మూయించకూడదని మాత్రం గుర్తుంది. "బాబు తన వల్లే అయిందనుకుంటున్నాడా?" అంటే తల ఊపాడు. అప్పుడు జరిగింది చెప్పాను. లారీ అటువైపు నుంచి దారి దాటి ఇవతలికొచ్చి గుద్దింది, పోలీసులు కూడా చూసి అదే రాశారు. "బాబు నీళ్ళు అడగకపోయినా ఆ లారీ వచ్చేది. దాహం వేస్తే అడగడం తప్పు కాదు నాన్నా."

ఇంకోసారి కారు తోశాడు. గోడకి జానెడు దూరంలో చేత్తో ఆపాడు. ఆ తర్వాత మళ్ళీ గుద్దించాడు కూడా. ఒక్క పూటలో పోయేది కాదు, ఇదే మాట వాడికి ఇంకా ఎన్నిసార్లు చెప్పాలో.

ఫోన్లో చెప్పలేక, అక్క వచ్చాక చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. "నాకెందుకు చెప్పలేదే వాడు?" అంది. నువ్వు ఏడుస్తావనేమో అక్కా, అన్నాను. పిల్లలు మన మొహం చూసే మాట మింగేస్తారు. ఇద్దర్నీ రాత్రికి ఇక్కడే ఉంచేశాను.

పడుకునే ముందు వాడి మంచం పక్కన సీసా నిండా నీళ్ళు పెట్టాను. ఇది రాస్తుంటే వంటింట్లో స్టూలు జరిపిన చప్పుడు. వెళ్ళి వాడి పక్కన నిలబడాలి.