దిండి బత్తాయి తోటలో కొత్త చుక్క

2023 మే 21, ఆదివారం. శ్రీశైలం రోడ్డు మీద కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి దాటి దిండి చేరేసరికి పొద్దుగూకింది. డిక్కీలో ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు, బండిలో ముగ్గురం. అంతకు రెండు రోజుల ముందే జపాన్‌లో కోయిచి ఇటగాకి ఎం101 అనే గెలాక్సీలో సూపర్‌నోవాను, అంటే పేలిపోతున్న నక్షత్రాన్ని, పట్టుకున్నాడు. ఆయనా మనలాంటి ఔత్సాహికుడే. ఆ మాట విన్నాక హైదరాబాద్ వెలుగుల్లో కూర్చోబుద్ధి కాలేదు.

తోట మా దోస్తు వాళ్లది. నేల ఇంకా సెగలు కక్కుతోంది. బోరు స్టార్టర్ డబ్బా మీద ఎర్ర లైటు ఒక్కటే వెలుగు. చీకటికి అలవాటుపడ్డ కళ్లను ఎరుపు చెడగొట్టదు, కాబట్టి దాని జోలికి పోలేదు.

నెలవంక దిగిపోయింది. సప్తర్షుల తోకలో వశిష్ఠుడు, మరీచి. ఆ రెంటితో త్రిభుజం గీస్తే మూడో మూలన ఎం101. పది గంటలకు అది బాగా పైకొచ్చింది. ఐపీస్‌లో మొదట ఏమీ లేదు. ఓరకంటితో చూస్తే పలచటి పొగ మరక, దాని అంచున సూదిమొనంత చుక్క. పాత ఫొటోతో మూడుసార్లు పోల్చాం. ఫొటోలో ఆ చోటు ఖాళీ!

ఇక వాదన మొదలైంది. ‘2011లో ఇదే గెలాక్సీలో పేలింది తెల్ల మరుగుజ్జు (ఇంధనం అయిపోయిన నక్షత్రంలో మిగిలిన ముద్ద), ఇదీ అదే రకం’ అన్నాడొకడు. కాదు, ఇది టైప్ టూ అన్నాను నేను. దాని వెలుగును రంగులుగా విడగొట్టిన వర్ణపటంలో హైడ్రోజన్ గీతలున్నాయి, అవే ఈ రకానికి గుర్తు. భారీ నక్షత్రం గర్భం ఇనుముగా మారాక తన బరువుకే కుప్పకూలి పేలింది. మరి గెలాక్సీ శివారులో ఎందుకు? పక్కనే నక్షత్రాలు పుట్టే మేఘం, ఎన్‌జీసీ 5461 ఉంది. భారీ నక్షత్రాల ఆయుష్షు తక్కువ, పుట్టిన ఊరు దాటకుండానే పోతాయి. ఈ వాదనలో మాత్రం నేనే గెలిచాను, రాసుకోండి.

దోస్తు వాళ్ల తాత మంచం దిగి వచ్చాడు. కన్ను పెట్టి చాలాసేపు చూశాడు.

“గిది ఎప్పటిదిరా?”

“వెలుగు బయలెల్లి రెండు కోట్ల ఏండ్లు దాటింది తాతా.”

ఆ లెక్క ఆయనకు పట్టలేదు. “ఎల్లుండి దాంక ఉంటదా? మనుమరాలొస్తది.”

“ఇంకా వారాలుంటది.”

“అయితే గీ గొట్టం ఈడనే పెట్టి పోండ్రి.”

పెట్టి వచ్చాం.